టీచరమ్మ పక్కకు నెట్టిన గిన్నె

నేను జపాన్ చూడలేదు. అయినా ఆ దేశంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి రైలులో ఎంతసేపు పడుతుందో, ఏ మ్యూజియం ఏ వారం మూసి ఉంటుందో, ఏ కొండదారి ఏ నెలలో మంచుతో మూసుకుపోతుందో అబిడ్స్‌లోని ఒక రెండో అంతస్తు గదిలో కూర్చుని చెప్పడం పదకొండేళ్ళపాటు నా ఉద్యోగం. మా కంపెనీ జపాన్‌ను ప్రాంతాలుగా విడదీసి పది పన్నెండు రోజుల యాత్రలు నడిపేది. టోక్యో చుట్టుపక్కల ఒకటి, నడిమి భాగంలోని నగానో కొండలు ఒకటి, క్యోటో, నారా వైపు ఒకటి, దక్షిణాన క్యూషూ దీవి ఒకటి. యాత్రికులు తమ సెలవులనూ మోకాళ్ళనూ బట్టి రెండు మూడు ప్రాంతాలు కలిపి ఎంచుకునేవారు.

ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో ఒక్క తప్పయినా చేశారా మేడమ్ అని. రైలు వేళల్లో చేయలేదు. దూరాల్లో చేయలేదు. చేసినది వేరే ఉంది. అది ఏ కాగితంలోనూ తప్పుగా నమోదు కాలేదు. పైగా ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. అందుకే దాన్ని నేనే చెప్పవలసి వస్తున్నది.

రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆహార పరీక్షశాలలో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. కారప్పొడిలో ఇటుకపొడి, నెయ్యిలో వనస్పతి వెతకడం మా పని. అక్కడ కొత్తవాళ్ళకు పరీక్ష చేయడం తరువాత నేర్పేవారు. ముందు నేర్పేది నమూనా గురించి. సీసాలో ఉన్నది ఏ డబ్బాలోంచి తీశారు, ఎవరి ఎదుట తీశారు, సీలు ఎవరు వేశారు అన్నవి రాసి లేకపోతే ఆ సీసా మూత కూడా తీయకూడదు. ఆ పరీక్షశాల మూతపడ్డాక, ఇంగ్లీషు బాగా వచ్చునన్న ఒక్క కారణంతో యాత్రల కంపెనీలో చేరాను. వాళ్ళు నాకు అప్పగించిన పని యాత్రికుల చేతికిచ్చే రోజువారీ కార్యక్రమాన్ని అచ్చుకు ముందు సరిచూడడం. ఆ కాగితంలోని ప్రతి వాక్యం పక్కన, ఆధారం దొరికితే ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టేదాన్ని. టిక్కు లేని వాక్యం అచ్చయ్యేది కాదు, లేదా ‘నిర్ధారణ కాలేదు’ అన్న మాటతో అచ్చయ్యేది.

దీనితో మా యజమానికి నామీద గౌరవమూ చిరాకూ సమపాళ్ళలో ఉండేవి. పాత హైదరాబాదు మనిషి, మనసులో ఉన్నది దాచుకోడు. ఒకసారి కార్యక్రమంలో ‘అయిదో రోజు: ఫుజీ పర్వత దర్శనం’ అని ఉన్నదాన్ని నేను ‘మబ్బు లేకపోతే, పడమటికి పోయే రైలులో కుడివైపు కిటికీలోంచి ఫుజీ పర్వతం కనిపించవచ్చు’ అని మార్చాను. ఆయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఏంది మేడమ్ గిది? గిట్ల రాస్తే ఎవడొస్తడు? మీ ఇంట్ల పెండ్లి పత్రిక మీద గూడ ‘పిల్ల ఒప్పుకుంటే’ అని రాపిస్తరా?”

“ఒప్పుకోకముందే అచ్చు వేస్తే రాయించాల్సిందేనండి,” అన్నాను.

ఆయన నవ్వి కాగితం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. నేను రాసినట్టే అచ్చయింది. ఇలాంటి చిన్న గెలుపులు ఎన్నో. అవి మనిషిని మెల్లగా పాడు చేస్తాయని అప్పుడు తెలియదు.

యాత్రికుల వెంట వెళ్ళేది మా టూర్ మేనేజర్. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు. ఒకప్పుడు తిరుపతికీ షిర్డీకీ బస్సులు తోలుకుపోయి, ఆ ఓపికతోనే జపాన్ దాకా ఎదిగాడు. జపాన్ భాష రాదు. దండం పెట్టడమూ నవ్వడమూ వచ్చు, వాటితోనే సగం పని చక్కబెట్టుకొచ్చేవాడు. “మేడమ్, గాడ రైలు ఒక్క నిమిషం లేటైతే టోపీ తీసి మాఫీ అడుగుతున్నరు. మన దగ్గర గిట్ల మొదలువెడితే పొద్దుగాల్నుంచి మాపటిదాక టోపీ నెత్తి మీదికి ఎక్కదు,” అనేవాడు. భాష అవసరమైన చోట అక్కడి ఏజెంటు పంపిన గైడు ఒకామె పగటిపూట తోడుండేది.

ఇక టీచరమ్మ. నాంపల్లిలో ఒక సందులో ఉండేది, అరవై దాటిన మనిషి. తండ్రి యాభై ఆరులో కోస్తా నుంచి కొలువుతోపాటు హైదరాబాదు వచ్చాడు. ఈమె ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ముప్పై మూడేళ్ళు భూగోళం పాఠాలు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు నా బల్లమీది పెన్సిలు అందుకుని, మాటల మధ్యలో, చూడకుండా జపాన్ పటం గీసింది. నాలుగు పెద్ద దీవులు, వాటి మధ్య జలసంధులు. నేను అట్లాసు తీసి సరిచూశాను. షికోకు దీవి కొంచెం లావుగా వచ్చింది, అంతే. ఆ మాట చెప్పాను కూడా.

“నలభై మంది పిల్లలు అల్లరి చేస్తుంటే గీసి గీసి అలవాటైన చేయమ్మా. షికోకు ఎప్పుడూ లావే వస్తుంది,” అని నవ్వింది. “నువ్వు అట్లాసు తీశావు చూడు, అది నాకు నచ్చింది. నేను నీ కాగితాన్ని నమ్ముకుని వెళ్తాను.”

ఆమె పుట్టు శాకాహారి. గుడ్డు కలిసిందేమోనని కేకు కూడా ముట్టదు. చదువుకునే రోజుల్లో ఎప్పటికైనా జపాన్ చూస్తానంటే, వాళ్ళమ్మ ‘చూసిరా, కానీ నోటి విషయంలో మాత్రం నాకు మాట ఇవ్వు’ అన్నదట. తల్లి పోయి ముప్పై ఏళ్ళయినా ఆ మాట మాత్రం ఈమె దగ్గర అలాగే ఉంది. మిగతా శాకాహారులు అటుకులు, పులిహోర పొడులు పెట్టెల్లో నింపుకున్నారు. ఈమె కూడా నింపుకుంది, కానీ ఊరు కాని ఊరు వెళ్ళి అక్కడి ముద్ద తినకుండా రావడం ఆమెకు ఇష్టం లేదు. “పటంలో చూసిన నేల మీద పండింది ఒక్కటైనా తినాలమ్మా. ఏది తినొచ్చో నువ్వు వెతికి పెట్టు,” అంది.

వెతికాను. క్యోటోలో ఒక బౌద్ధ ఆలయం వడ్డించే భోజనానికి లిఖితపూర్వకమైన హామీ సంపాదించి టిక్కు పెట్టాను. చిక్కల్లా నగానో కొండల్లో మూడు రాత్రులు బస చేసే చిన్న సత్రంతోనే వచ్చింది. దాన్ని నడిపేది ఒక పెద్దామె, వంట కూడా తనదే. జపాన్ వంటలో పులుసులన్నిటికీ ఎండుచేప రసమే మూలమని నాకు తెలుసు. ‘చేప లేకుండా వండగలరా?’ అని ఏజెంటు ద్వారా అడిగించాను. ‘మా వంతు ప్రయత్నం చేస్తాం’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నా దృష్టిలో అది జవాబే కాదు. ‘సత్రంలో శాకాహారం: నిర్ధారణ కాలేదు’ అని అచ్చు వేయించాను.

యాత్ర మొదలైంది. టోక్యో అయింది, కొండలకు చేరారు. రెండో రోజు మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేశాడు, గొంతులో హుషారు.

“మేడమ్, టీచరమ్మను చూడాలె మీరు! గా ముసలామె, ఈమె, ఇద్దరికీ ఒక్క ముక్క భాష తెల్వదు. కాయితాల మీద బొమ్మలు గీసుకుంట ముచ్చట పెడుతున్నరు. ముసలామె చేప బొమ్మ గీసి దాని మీద పెద్దగ కొట్టేసి చూపిచ్చింది. ఈమె జపాన్ పటం గీస్తే, ఆమె తమ ఊరు గీడ అని చుక్క పెట్టింది. ఆ పటం గోడకు అతికిచ్చింది మేడమ్!”

“ఏం తింటున్నారు?”

“సేమ్యాల లెక్క ఉంటయి, నల్లటివి. ఏదో గింజల పిండితోని చేస్తరట. వేడి వేడి చారుల వేసిస్తది. టీచరమ్మ గిన్నె ఎత్తి తాగుతున్నది. వాళ్ళమ్మ చేసిన చారు యాదికొచ్చిందట.”

ఆ చారు మాట దగ్గర నా చెవి నిక్కింది. అయినా ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాను. మరునాడు మధ్యాహ్నం రెండున్నరకు, అంటే అక్కడ సాయంత్రం ఆరుకు, మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి హుషారు లేదు. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు, బృందంలో ఎవరో ఫోనులో చదివి, జపాన్‌లో చేపరసం లేని పులుసు ఉండదట అన్నారు. టీచరమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. గైడు ఆ రోజుకి సెలవు తీసుకుంది, మరునాడు రైల్వే స్టేషనులో కలుస్తుంది. మేనేజర్ వంటింట్లోకి తొంగిచూస్తే అలమరలో తెరిచిన ప్యాకెట్ ఒకటి కనిపించింది. దాని ఫోటో తీసి నాకు పంపాడు.

జపాన్ లేబుళ్ళ మీద కనిపించే ముప్పై నలభై మాటల రూపాలు నేను నేర్చుకుని ఉన్నాను: చేప, గుడ్డు, పంది కొవ్వు, జెలటిన్ లాంటివి. ఫోటోను పెద్దది చేసి చూశాను. ఎండుచేప పొడి. పదార్థాల జాబితాలో మొదటి మాటే అది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

“చేపే,” అన్నాను.

“మేడమ్, జర ఆగుదామా? రేపు గైడు వస్తది, ముసలామెను సరిగ్గ అడిగిపిస్త. ఇప్పుడే చెప్పాల్నా?”

“అడగడానికేముంది? లేబుల్ స్పష్టంగా ఉంది. ఆవిడ తింటోందా ఇంకా?”

“గిన్నె పట్టుకుని కూసున్నది. మీతోనే మాట్లాడుతదట.”

ఫోన్ చేతులు మారింది. టీచరమ్మ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “అమ్మాయి, ఆవిడ చేప బొమ్మ గీసి కొట్టేసి మరీ చూపించిందమ్మా. నాకు ప్రాణం కుదుటపడే తిన్నాను. నువ్వేమంటావు? నువ్వేది చెబితే అదే.”

నేను అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “బొమ్మ ఎవరైనా గీస్తారు టీచర్ గారూ. మర్యాద కోసం గీసి ఉండవచ్చు. ప్యాకెట్ మీది పదార్థాల జాబితా మర్యాద కోసం రాయరు. అది చేప.”

బల్లమీద పింగాణీ గిన్నె జరిగిన చప్పుడు ఫోనులో విన్నాను. “సరేనమ్మా. థ్యాంక్స్,” అని ఆమె ఫోన్ మేనేజరుకి ఇచ్చేసింది.

మరునాడు పొద్దున్నే బృందం బయలుదేరింది. జరిగింది మేనేజర్ తరువాత చెప్పాడు. “ముసలామె ఏదో డబ్బా కట్టి టీచరమ్మకు ఇయ్యబోయింది మేడమ్. ఈమె తీసుకోలే. మొహం గూడ చూడకుంట బస్సెక్కింది. ఆమె గేటు కాడ వంగి నిలవడ్డది. బస్సు మలుపు తిరిగేదాక గట్లనే ఉంది. నాకైతే మనసున పట్టలే.” స్టేషనులో గైడు కలిసినప్పుడు ఆ ఫోటో చూపించి అడిగాడట. ఔ, ఇందులో చేప ఉంటుంది అని ఆమె చెప్పింది. నేను చెప్పినదానికి రెండో సాక్ష్యం కూడా దొరికిందని మేమిద్దరం అనుకున్నాం.

మిగిలిన ఆరు రోజులు టీచరమ్మ అరటిపళ్ళతో, తెచ్చుకున్న అటుకులతో గడిపింది. క్యోటో ఆలయంలో నేను టిక్కు పెట్టి ఉంచిన భోజనం కూడా ముట్టలేదు. అందరూ తింటుంటే బయట తోటలో కూర్చుందట.

తిరిగి వచ్చిన వారంలోపే ఆమె మా మెట్లెక్కి వచ్చింది. చిక్కిపోయింది. “నలభై రోజులు ఒంటిపూట ఉంటానని అనుకున్నానమ్మా. అమ్మకిచ్చిన మాట తెలియక తప్పాను కదా. నువ్వు లేకపోతే ఆ పూట కూడా తినేసేదాన్ని,” అని నా చేయి పట్టుకుంది. ఆ కృతజ్ఞతను నేను స్వీకరించాను. మా యజమాని ఎదురుగానే ఉన్నాడు. “చూసిన్రా అమ్మా, మా మేడమ్ అబిడ్స్‌ల కూసొని జపాన్ వంటింట్ల ఏమున్నదో చెప్తది,” అని గర్వంగా అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది. దాన్ని దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

ఆ తరువాత మూడు వారాలు దాటాయో లేదో, ఏజెంటు నుంచి ఒక ఉత్తరం ఈమెయిల్‌లో వచ్చింది. సత్రం పెద్దామె చేత్తో రాసిన కాగితం ఫోటో, కింద దాని ఇంగ్లీషు అనువాదం. ఆమె క్షమాపణ అడిగింది. మీ దేశపు అమ్మగారు మూడో రాత్రి గిన్నె పక్కకు పెట్టేశారు, నా వంటలో ఏదో అపరాధం జరిగి ఉంటుంది, ఏమిటో నాకు తెలియలేదు. ఆమె కోసం కొత్త గిన్నె ఒకటి కొని, అందులో తప్ప వేరే దాంట్లో వండలేదు. ముందురోజే సముద్రపు నాచు పట్టీలూ ఎండు ముల్లంగి ముక్కలూ చల్లనీళ్ళలో నానబెట్టి ఆ నీటితోనే చారు కాచాను. అందులో సోయా సాసు, కొంచెం చక్కెర, ఇంకేమీ లేదు. మిగతా అతిథుల పులుసుకి వాడే పొడిని ఆ పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. వీటిలో ఏది ఆమెకు పడలేదో దయచేసి చెప్పండి, మరొకరికి అలా చేయకుండా ఉంటాను. అంతే ఉత్తరం.

నేను దాన్ని రెండుసార్లు చదివాను. కింద అబిడ్స్ రోడ్డు మీద ఆటోల హారన్లు యథాప్రకారం మోగుతున్నాయి. నేను చూసింది అలమరలోని ప్యాకెట్. ఆమె తిన్నది పొయ్యిమీది గిన్నె. ఆ ప్యాకెట్‌లోంచి ఆ గిన్నెలోకి ఏమైనా పడిందా అని నేను అడగనే లేదు. పరీక్షశాలలో ఎవరైనా ఇటువంటి నమూనా తెచ్చి ఉంటే మొహం మీద విసిరికొట్టేదాన్ని. పందొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన నియమాన్ని నాలుగు నిమిషాల్లో మరిచిపోయాను. నాకు జపాన్ అక్షరాలు వచ్చునన్న సంబరం తప్ప దానికి మరో కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ క్షణంలో నేను చేయవలసిన పని ఒక్కటే, లేచి నాంపల్లి వెళ్ళడం. నడిచినా పావుగంట. టీచరమ్మ అప్పటికి ఒంటిపూట భోజనాల్లో సగం దాటింది.

వెళ్ళలేదు. ఒకసారి తొందరపడి తప్పు చెప్పాను, రెండోసారి చెప్పకూడదు అనుకున్నాను. సోయా సాసుల్లో కొన్నిటిలో చేపరసం కలుపుతారని నాకు తెలుసు. ఆమె వాడినది ఏదో తేలకుండా ‘శాకాహారమే’ అని ఎలా చెప్పను? ఏజెంటుకి ఒక్క వాక్యం రాశాను: ‘ఆ సోయా సాసు సీసా లేబుల్ స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి పంపమని ఆమెను అడగండి.’ మేనేజర్ నా వెనుక నిలబడి చదివాడు.

“గంతేనా మేడమ్? ఇంకేం రాయరా?”

“ముందు ఇది తేలనీ.”

“ఆమె ఏడ్చుకుంట రాసినట్టున్నది.”

“ఏడుపు సంగతి అందులో ఎక్కడా లేదు,” అన్నాను. నిజమే, లేదు.

ఫోటో రావడానికి పదమూడు రోజులు పట్టింది. సోయా గింజలు, గోధుమ, ఉప్పు. ఇంకేమీ లేదు. సీసాను తెల్లటి బట్ట మీద నిలబెట్టి, నాలుగు వైపులనుంచీ నాలుగు ఫోటోలు తీసింది. అడగకపోయినా చక్కెర ప్యాకెట్‌కీ, నాచు కట్టకీ, ముల్లంగి సంచికీ కూడా తీసింది. అన్నీ సరిచూశాను. అన్నిటికీ టిక్కు పెట్టవచ్చు.

ఆ సాయంత్రం నాంపల్లి వెళ్ళాను. టీచరమ్మ ఇల్లు సందులో మొదటి అంతస్తు, రెండు గదులు. నలభై రోజులకు ఇంకా మూడే మిగిలాయి. నేను కాగితాలన్నీ బల్లమీద పరిచి, జరిగింది మొదటినుంచీ చెప్పాను. ప్యాకెట్ వేరు, గిన్నె వేరు అని. మీరు మాట తప్పలేదని. ఈ ఒంటిపూటలు అక్కర్లేదని. తప్పు నాదేనని. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అనువాదాన్ని నిదానంగా చదివింది. తరువాత జపాన్ అక్షరాలున్న అసలు కాగితాన్ని కూడా, అర్థం కాకపోయినా, పై నుంచి కింది దాకా చూసింది.

కోపపు మాటో, ఓదార్పు మాటో ఏదో ఒకటి వినబడుతుందని ఎదురుచూశాను.

“ఈ ఉత్తరం ఎప్పుడొచ్చింది?” అని అడిగింది.

చెప్పాను.

“అంటే రెండు వారాలయింది. ఆవిడకి ఏం జవాబు రాశావు?”

“సోయా సాసు లేబుల్ ఫోటో పంపమని అడిగించానండి. అది తేలాకే మీ దగ్గరికి...”

“అది కాదమ్మా నేనడిగేది. ఆవిడ ‘నా తప్పేమిటి’ అని అడిగింది కదా. దానికి ఏం రాశావు?”

“దానికేమీ రాయలేదండి,” అన్నాను.

“ఆవిడ క్షమాపణ అడిగితే, నువ్వు సీసా ఫోటో అడిగావా?” టీచరమ్మ గొంతు పెంచలేదు. పిల్లలు లెక్క తప్పుచేసినప్పుడు ఎక్కడ తప్పారో చూపించే పద్ధతిలోనే అడిగింది. “అంటే అనుమానం ఇంకా పోలేదనే కదా ఆవిడ అనుకుని ఉంటుంది? అందుకే అడగనివి కూడా ఫోటోలు తీసి పంపింది. చూడు, చక్కెరకి కూడా తీసింది పాపం.”

“టీచర్ గారూ, పొరపాటు చేశాను.”

“నువ్వు ఒకటి చేశావు. నేనూ చేశాను. బొమ్మ గీసి చూపించిన మనిషిని పక్కనే పెట్టుకుని, హైదరాబాదులో ఉన్న నిన్ను అడిగాను. పొద్దున ఆవిడ డబ్బా ఇవ్వబోతే మొహం తిప్పుకున్నాను. చేప తిన్నానని ఇన్ని రోజులు ఒంటిపూట ఉన్నాను కానీ, ఆ మొహం తిప్పుకున్నదానికి ఏమీ చేయలేదు.” ఆ ఉత్తరాన్ని మడతపెడుతూ అంది, “మా అమ్మకిచ్చిన మాట నిలిచింది, సంతోషం. అది నేను ఎలాగూ తెలిసి తప్పలేదు. ఇది తెలిసే చేశాను.”

తరువాత లేచి సొరుగులోంచి గీతల కాగితాలు తీసింది. బడి పంతులమ్మల గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో, అక్కడే, నా ఎదురుగా ఉత్తరం రాసింది. నేను చూపించమన్నా చూపించలేదు. “ఇందులో నువ్వు సరిచూడాల్సింది ఏమీ లేదులే,” అని మాత్రం అంది. మిగిలిన మూడు రోజులూ ఒంటిపూటే ఉంటానంది, వేరే లెక్కకు.

మరునాడు ఇద్దరం కలిసి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో వేశాం. ఏజెంటుకి కూడా నేను పెద్ద ఈమెయిల్ రాశాను. తప్పు పూర్తిగా మాదేనని, ఆమె వంటలో ఏ లోపమూ లేదని, దయచేసి ఆమెకు చదివి వినిపించమని. ఏజెంటు జవాబు క్లుప్తంగా వచ్చింది. సత్రం పెద్దామె ఆ సీజను నుంచి విదేశీ అతిథులను తీసుకోవడం మానేసిందట. వాళ్ళ కట్టుబాట్లకు తగినట్టు వండడం తనకు చేతకాదని చెప్పిందట. నేను సీసా ఫోటో అడిగిన రోజుకీ, ఆమె ఆ మాట చెప్పిన రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయని ఏజెంటును అడిగాను. తెలియదన్నాడు. ఒకదానివల్లే మరొకటి జరిగిందని అనడానికి ఆధారం లేదని నాకు నేను చెప్పుకోవచ్చు. ఇంతవరకు చెప్పుకోలేకపోయాను.

టీచరమ్మ ఉత్తరం అక్కడికి చేరినట్టు పోస్టాఫీసు కంప్యూటరు చూపించింది. జవాబు రాలేదు. మా కార్యక్రమాల్లో నగానో కొండల బస మార్చేశాం. కొత్తగా పెట్టిన పెద్ద హోటలులో శాకాహారానికి ముద్ర వేసిన పత్రం ఇస్తారు. టిక్కు పెట్టడం చాలా సులువు.

నేను రిటైరై మూడేళ్ళు దాటింది. మీలాంటి కొత్తవాళ్ళు సలహా అడిగితే, చూసినదేదో, అడిగినదేదో ముందు విడివిడిగా రాసుకోమని చెబుతాను. ఎవరైనా క్షమాపణ అడిగితే ఆ రోజే జవాబివ్వమని కూడా చెబుతాను. ఇవి పెద్ద సూత్రాలేమీ కావు. వీటిని పాటించకపోవడానికి మీకూ నాలాగే చాలా మంచి కారణాలు దొరుకుతాయి, జాగ్రత్త.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేచోట టీచరమ్మ కనిపిస్తూ ఉంటుంది. పాత అట్లాసుల దగ్గర వంగి చూస్తూ, నన్ను గుర్తుపట్టి నడుము నిటారు చేసుకుంటుంది. ఎప్పుడు కలిసినా మొదట అడిగేది ఒక్కటే.

“ఏమ్మా, ఆవిడ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?”

“ఇంకా రాలేదండి,” అంటాను.

ఆమె తల ఊపి మళ్ళీ పుస్తకాలలోకి వంగుతుంది. ఆ ‘ఇంకా’ అన్నదానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అయినా ప్రతిసారీ అంటున్నాను.